తోటలో నలుగురమే మిగిలితిమి

ఇంగ్లండు పడమటి సీమయగు హెరిఫర్డ్‌షైర్‌లో స్థిరపడి, ఆసుపత్రులలోను కార్యాలయములలోను ఉద్యోగములు చేసికొనుచున్న నా తెలుగు సోదరీసోదరులారా!

గత అక్టోబరు మాసమున మా గ్రామపు ఉమ్మడితోటలో ఆపిలు రసము తీయు దినమున, పండ్లు ఏరువారు, కడుగువారు, నలుపువారు, మర త్రిప్పువారు, రసము మోయువారు, ఇందరును గలిసి ఇరువదిమంది చేయదగిన పనికి నలుగురమే నిలిచితిమి. చీకటి పడునప్పటికి సగము పండ్లైనను మర కెక్కలేదు. మిగిలినవి గడ్డిలోనే కుళ్ళి కందిరీగల పాలయినవి. నలుగురనగా మన భాషలో లోకమని యర్థము. నలుగురు నవ్వుదురని వెరతుము, నలుగురికి పెట్టి తినవలెనని పిల్లలకు చెప్పుదుము. ఆనాడు మాత్రము నలుగురనగా నలుగురమే. మన కుటుంబములను వెంటబెట్టుకొని వచ్చెదనని తోటసంఘమువారికి మాట యిచ్చినవాడను నేను. అందరకును ఒక్క సందేశము పంపి, అంతటితో నా పని తీరినదని యూరకుంటిని. ఆ తప్పు నాది.

ఆ పని చూడనివారికి కొంత చెప్పవలెను. సైడరను ఆపిలు మద్యమునకు వాడు పండ్లు పెక్కు కొరికి తినదగినవి కావు. ఫాక్స్‌వెల్ప్ అను జాతి పండు ఒక్కటి కొరికినచో దంతములు పులియును. వానిని కడిగి, కుళ్ళినవి ఏరివేసి, నలిపిన ముద్దను గుడ్డలో మడిచి, మడతపై చెక్కపలక, పలకపై మరల మడతగా పేర్చిన దొంతిపై పెద్ద మరను ఇరువురు చెరియొకవైపున పట్టి త్రిప్పగా, అంచుల వెంట తేనెరంగు రసము తొట్టిలోనికి దిగును. గుడ్డ నాలుగు కొనలు పట్టుటకు నాలుగు చేతులు వలయును. ఒకరు త్రిప్పుచుండగా మరియొకరు తొట్టి మార్చవలెను. పరిచయము లేనివారైనను అచ్చట మాటలాడక తప్పదు. ఏడేండ్లు తలయూపుటతోనే సరిపుచ్చుకొన్న పొరుగింటి పెద్దాయనతో నేను తొలిసారి మనసిచ్చి మాటలాడినది ఆ తొట్టి మార్చునప్పుడే. కూలిలో కొంత సైడరుగా నిచ్చుటను 1887లో శాసనము నిషేధించిన పిమ్మటను తన తాతకు అట్లే ముట్టెడిదని ఆయన చెప్పెను. ఎనుబది దాటిన ఆయనయు ఆ నలుగురిలో నొకరు.

వేసవి వచ్చినంతనే ఇరుగుపొరుగు కూడి, ఒకరు కాయ కొట్ట, ఒకరు జీడి తీయ, ఒకరు తుడువ, ఆవపిండి పాళ్ళకై వాదులాడుకొనిన యిండ్లలో పుట్టినవారము మనము. మనకీ సంగతి విప్పి చెప్పవలసి వచ్చుటయే నాకు కష్టముగా నున్నది.

మద్యము పేరు వినగానే కొందరు వెనుదీయుదురని యెరుగుదును. మరనుండి కారునప్పుడది ఉత్త పండ్లరసము, పిల్లలు గ్లాసులు పట్టుకొని వరుసగా నిలుచునది; పీపాలలో శీతకాలమెల్ల పులిసిన తరువాతనే సైడరగును. త్రాగనివారు తీపిరసమునే కొనిపోవచ్చును.

ఇంగ్లండు, వేల్సులలో సంప్రదాయమైన పండ్లతోటల విస్తీర్ణము 1900 నుండి నూటికి 81 వంతులు నశించినది. ఈ నష్టమును గుర్తించియే కామన్ గ్రౌండ్ అను సంస్థవారు 1990 అక్టోబరు 21న లండనునందలి కోవెంట్ గార్డెన్‌లో తొలి ఆపిల్ దినము జరిపిరి. పండు నేలపాలగుచున్న తోటను ఎవరు ఎంతకాలము నిలుపుదురు?

తీరిక లేదందురా? దీపావళికి హాలు పట్టక వాకిట నిలిచిన మన జనమును నేను చూచితిని. ఈ దేశమువారు మనతో కలియరని ప్రతి విందులోను వాపోవుదుమే, వారు పేరుపేరున పిలిచిన దినమున దుప్పటి కప్పుకొని పరుండుట ఏమి న్యాయము? నలుగురే వచ్చిరని ఆనాడు తోటసంఘమువారు నన్నొక్క మాట యనలేదు. అని యుండినచో నాకింత బాధ లేకపోయెడిది.

రాబోవు అక్టోబరు మూడవ శనివారము ఉదయము తొమ్మిది గంటలకు పని మొదలగును. పాతబట్టలు, రబ్బరు బూట్లు వేసికొని, ఒక్కొక్క బకెట్టు తెండు. పిల్లలను తప్పక తీసికొనిరండు; గడ్డిలో పండ్లేరుటకు వారిని మించినవారు లేరు. దినమంతయు కుదరనివారు ఒక గంటయైనను ఉండి పొండు. ఈసారి సందేశము పంపి యూరకుండను. ఇంటింటికి వచ్చి యడుగుదును. రానివారు రామని నా మొగముననే చెప్పుడు, వత్తుమని చెప్పి మానవలదు. ఆ పెద్దాయన మరయొద్ద ఎదురుచూచుచుండును.