సంఘము పేరనే ఉత్తరము

నాగలమడికలోను, పావగడ తాలూకా అంతటను తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల పక్షమున వ్రాయు విజ్ఞప్తులు నేడు ఈమెయిలు ద్వారా పోవుచున్నవి. కాని అవి కార్యదర్శి సొంత చిరునామా నుండి పోవుటచే, కార్యదర్శి మారినచో ప్రత్యుత్తరములును ఆయనతోనే పోవును. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యములు కల్పింపవలెనని రాజ్యాంగమున 1956లో చేరిన 350ఏ అధికరణము చెప్పుచున్నది. అట్టి హక్కుకై వ్రాసిన జాబునకు వచ్చిన జవాబు ఒకరి పెట్టెలో మిగిలిపోవుట తగునా?

కావున సంఘము తన పేర డొమైను పొందవలెను. దాని డీఎన్ఎస్ పట్టికలో నాలుగు నమోదులు అవసరము. మనకు వచ్చు టపా ఏ సర్వరునకు చేరవలెనో ఎంఎక్స్ చెప్పును. మన పేర పంపుటకు ఏ సర్వర్లకు అధికారము కలదో ఎస్పీఎఫ్ తెలుపును. ఉత్తరముపై సంతకమును పరీక్షించు తాళపుచెవిని డీకిమ్ ఇచ్చును. పరీక్షలో తప్పిన ఉత్తరమును ఏమి చేయవలెనో డీమార్క్ సూచించును. ఎస్పీఎఫ్ గాని డీకిమ్ గాని ఉండవలెనని జీమెయిలు 2024 ఫిబ్రవరి నుండి పంపువారందరికిని నియమము పెట్టినది. ఇవి లేని విజ్ఞప్తి అధికారి కంట పడకయే పోవచ్చును.

ఏటేటా రుసుము కట్టుట భారమను వారు కలరు. అది కట్టక పేరు పోగొట్టుకొనుట అంతకన్న భారము. డొమైను సంఘము పేరనే యుండవలెను. సంకేతపదము ఇద్దరి అధీనమున నుండవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమున ఇట్లు తీర్మానింపవలెనని మనవి. కార్యదర్శులు మారుదురు, చిరునామా మారరాదు.