హెక్టార్ల లెక్కకు అందని నష్టం

వానదేవుడు ముఖం చాటేసిన ప్రతిసారీ అనంతపురంలో ఇదే తంతు. అధికారులు చేలో దిగుతారు, హెక్టార్లు లెక్కేస్తారు, ఇన్‌పుట్ సబ్సిడీ జాబితా రాస్తారు. జాబితాలో పేరున్న పట్టాదారుకు అంతో ఇంతో ముడుతుంది. మరి శెనక్కాయ చెట్టు పీకే కూలి? మిల్లు హమాలీ? ట్రాక్టరు బాడుగకు తిప్పేవాడు? కట్టె లేక గొడ్లను సంతకు తోలినవాడు? వీళ్ల నష్టం ఏ కాలమ్‌లో ఉంది?

లెక్క కట్టే పద్ధతి లేదని మాత్రం చెప్పొద్దు. ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టిక అని ఒకటుంది. వాసిలీ లియోంటిఫ్ 1973లో నోబెల్ అందుకున్నది దానికే. ప్రతి రంగానికీ ఒక అడ్డ వరుస, ఒక నిలువు వరుస. అడ్డంగా చదివితే సరుకు ఎవరికి పోయిందో, నిలువుగా చదివితే దాన్ని తీయడానికి ఏమేం కొన్నారో తెలుస్తుంది. ఇంటర్‌లో మనల్ని ఏడిపించిన మాత్రికలే ఇవి!

నమూనాకు అంకెలు వేద్దాం. వంద రూపాయల నూనెకు మిల్లు 70 రూపాయల కాయ కొంటుందనుకోండి. వంద రూపాయల కాయ పండించడానికి 30 రూపాయల కాయ విత్తనానికే పోతుందనుకోండి. అప్పుడు పండాల్సింది 70 కాదు, 100 రూపాయల కాయ. రెండు రంగాలైతే నోటిలెక్క చాలు. వంద రంగాలుంటే మాత్రిక విలోమం కట్టాల్సిందే.

ఇక్కడొక మెలిక. లియోంటిఫ్ లెక్క గిరాకీ నుంచి మొదలవుతుంది. మన కరువులో తెగేది సరఫరా. ఆ వైపు నుంచి నడిచే లెక్కను 1958లో చూపించినవాడు మన దేశపు అంబికా ఘోషే. మిల్లువాడు గుజరాత్ కాయ తెప్పించుకోడా అంటారు. తెప్పించుకుంటాడు. చెట్టు పీకే కూలి మాత్రం గుజరాత్ నుంచి రాదు.

కేంద్ర గణాంక సంస్థ 1968-69 నుంచీ దేశానికి ఈ పట్టికలు వేస్తూ వచ్చింది. ఆ పట్టికలో గుజరాత్ కాయా, కదిరి కాయా ఒకే వరుస. సగటు తీస్తే మన ఎండ కనబడదు.

కియా సంగతీ అంతే. 2019లో పెనుకొండ దగ్గర కార్ల ఉత్పత్తి మొదలైంది. సంతోషమే. కారు ఖరీదులో ఇక్కడ తిరిగే రూపాయలెన్ని, ఉక్కుకూ విడిభాగాలకూ బయటికి పోయేవెన్ని? బ్యానర్ కట్టినంత సులువు కాదు ఆ గడి నింపడం.

శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. మార్కెట్ యార్డు చిట్టాలు, మిల్లుల రిజిస్టర్లు ఉన్నాయి. 2022లో రెండు ముక్కలైన జిల్లాకు, ఏ ముక్కకు ఆ ముక్క, పట్టిక కట్టండి. ఈసారి నష్టం అంచనాకొచ్చే బృందం చేతిలో టేపుతో పాటు అదీ ఉండాలి.