కొత్త టీచరు తొలి వారం

ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో టీచర్లుగా ఎంపికైన 15,941 మంది 2025 అక్టోబరులో బళ్లలో చేరారు. అంతకు ఏడాది ముందు, అదే అక్టోబరులో, తెలంగాణలో పది వేల మందికి పైగా ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు అందుకున్నారు. రెండు రాష్ట్రాల్లోనూ బడులు తెరిచేది జూన్ 12న. కొత్త టీచరు వచ్చేసరికి నాలుగు నెలల చదువు గడిచిపోయి ఉంటుంది. పిల్లలు అప్పటికే డిప్యుటేషన్ మీద వచ్చిన సారుకో, మేడమ్‌కో అలవాటు పడి ఉంటారు. ఎవరూ రాని చోట ఖాళీ పీరియడ్లకు అలవాటు పడి ఉంటారు. జాయినింగ్ రిపోర్టు ఇచ్చి అలాంటి తరగతిలోకి వెళ్లేవారి మొదటి వారం ఎలా గడుస్తుందన్నది చిన్న విషయం కాదు.

మొదట్లో చనువిస్తే నెత్తికెక్కుతారని, కొన్నాళ్లు బిగుసుకుని ఉండమని సీనియర్లు చెబుతుంటారు. ఈ సలహాను నేను ఒప్పుకోను. భారత సంతతి మనస్తత్వ శాస్త్రవేత్త నళినీ అంబాడి, రాబర్ట్ రోసెంథాల్ 1993లో ఒక అధ్యయనం ప్రచురించారు. పాఠం చెబుతున్న అధ్యాపకుల వీడియోలను మాట వినపడకుండా అర నిమిషం పాటు ముక్కూమొహం తెలియనివారికి చూపించారు. వాళ్లు వేసిన అంచనాలు, అదే అధ్యాపకుల దగ్గర టర్మ్ అంతా చదువుకున్న విద్యార్థుల అభిప్రాయాలకు చాలా దగ్గరగా వచ్చాయి. ఈ మనిషికి మన మీద ఇష్టం ఉందా, ఇక్కడికి ఇష్టపడే వచ్చాడా అన్నది నిలబడే తీరులోనే తెలిసిపోతుంది. తెచ్చిపెట్టుకున్న గాంభీర్యం అక్కడ పనిచేయదు.

మొదటి రోజు బెడిసికొట్టినా కొంప మునగదు. గిజుభాయి బధేకా రాసిన ‘దివాస్వప్న’లో నాలుగో తరగతికి వచ్చిన మాస్టారు ఇంట్లో వేసుకున్న పథకమంతా తొలి రోజే గోలలో కొట్టుకుపోతుంది. ఆయన పిల్లల్ని తిట్టడు. పథకాన్ని పక్కన పెట్టి, కథ మొదలుపెడతాడు.

పిల్లలు టీచర్ని అంచనా వేసే ఆ వారంలోనే టీచరు కూడా పిల్లల్ని అంచనా వేస్తారు. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ‘ఆ మూల కూర్చున్న అమ్మాయికి ఏమీ రాదు’, ‘వాడు ఇంతే, వాళ్లన్న కూడా ఇంతే’ అని స్టాఫ్ రూములో సహోద్యోగులు మంచి మనసుతోనే చెబుతారు. ఆ మాటలు చెవిలో పెట్టుకుని తరగతికి వెళితే ఆ అమ్మాయిని ప్రశ్న అడగాలన్న ఆలోచనే రాదు. పైన చెప్పిన రోసెంథాలే లెనోర్ జేకబ్సన్‌తో కలిసి కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో మరో ప్రయోగం చేశారు. లాటరీ తీసినట్టు కొందరు పిల్లల పేర్లు ఎంచి, వీళ్లు త్వరలో బాగా ఎదుగుతారని టీచర్లకు చెప్పారు. చిన్న తరగతుల్లో ఆ పిల్లలు మిగతావారి కంటే ముందుకు వెళ్లారని 1968లో వచ్చిన వారి పుస్తకం చెప్పింది. ఆ ప్రభావం ఎంతన్నదానిపై తర్వాత గట్టి వాదాలే నడిచాయి. టీచరు నమ్మకం పిల్లల మీద పనిచేస్తుందన్న మాట మాత్రం నిలిచింది.

మన బళ్లలో ఇది ఇంకా బరువైన విషయం. ఇంట్లో కోయ, గోండి, సవర మాట్లాడే పిల్ల తెలుగు పాఠంలో నోరు విప్పకపోతే, మైదానం నుంచి ఏజెన్సీకి పోస్టింగ్ మీద వెళ్లిన సెకండరీ గ్రేడ్ టీచరుకు ఆ మౌనం మొద్దుతనంగా కనిపించవచ్చు. ఆ పిల్లకు లెక్కలు వచ్చేమో, ఊళ్లోని చెట్లన్నిటి పేర్లూ తెలుసేమో. ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తినీ అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించడం టీచరు విధి అని విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. ఆ అంచనా ఎవరికి వారు వేసుకోవాల్సిందే. పిల్లల్ని ఒక్కొక్కరినే దగ్గర కూర్చోబెట్టుకుని నాలుగు వాక్యాలు చదివించి, రెండు తీసివేతలు చేయించి, ఇంట్లో ఏమని పిలుస్తారో అడిగితే చాలు, స్టాఫ్ రూములో విన్న మాటల్లో సగం అక్కడే తేలిపోతాయి. మధ్యాహ్న భోజనం వాళ్లతో కలిసి తింటే ఇంకా తెలుస్తుంది.

ఇందుకు సమయం కావాలి. అదే కొత్తవారికి దొరకడం లేదు. వయసులో చిన్నవారు, ఫోను బాగా వాడతారన్న కారణంతో యూడైస్ ప్లస్ పోర్టల్‌లో నింపాల్సిన బడి వివరాలు, భోజనం ఫొటోలు, యాప్‌లలో హాజరు మొదటి వారమే వారి నెత్తిన పడుతున్నాయి. చేరే ముందు ఇచ్చే కొద్ది రోజుల శిక్షణతో సరిపెట్టకుండా, మొదటి నెలంతా అదే మండలంలోని అనుభవజ్ఞులైన ఒక టీచరును వారికి తోడుగా నియమించాలి. వెళ్లిపోయే టీచరు ప్రతి పిల్లవాడికి ఏం వచ్చో, ఎక్కడిదాకా వచ్చో రాసి ఇచ్చి వెళ్లాలి. వీటికి విద్యాశాఖ ఉత్తర్వులు కావాలి. యాప్‌ల పనిని ఒక నెల పాటు మిగతా సిబ్బంది పంచుకోవడానికి మాత్రం ఏ జీవో అక్కర్లేదు. స్టాఫ్ మీటింగులో హెడ్మాస్టరు చెబితే చాలు.