ఎదురు నడిచే వాక్యం

ప్రతి భాషకూ తనదైన నడక ఒకటి ఉంటుంది. ఆ నడకను మనం తల్లి ఒడిలోనే, మనకు తెలియకుండానే అలవరచుకుంటాం. పరభాషను అభ్యసించే రోజు వచ్చేదాకా మన భాషకు అటువంటి నడక ఉన్నదన్న స్పృహ కూడా మనకు కలగదు. కొత్త భాషలోని పదాలను కంఠస్థం చేయవచ్చు. సూత్రాలను వల్లె వేయవచ్చు. కాని పాత నడకను పక్కన పెట్టి కొత్త నడకకు అలవాటుపడడం సులభసాధ్యం కాదు. ఈ సత్యాన్ని విశదం చేసే ఉదాహరణలలో జపాను దేశపు ఆంగ్ల విద్య ముఖ్యమైనది.

జపాను విద్యార్థులు మాధ్యమిక, ఉన్నత పాఠశాలల్లో కలిపి ఆరేళ్లపాటు ఆంగ్లం చదువుతారు. 2020 నుంచి ప్రాథమిక పాఠశాల అయిదో తరగతిలోనే అది పాఠ్యవిషయమైంది. గణిత, విజ్ఞానశాస్త్రాలలో ప్రపంచంలోని అగ్రశ్రేణి దేశాల సరసన నిలిచే ఆ విద్యార్థులలో చాలామంది ఒక ఆంగ్ల పుటను ధారాళంగా చదవడానికి తడబడుతున్నారు. దీనికి కారణం వారి బిడియమని కొందరంటారు. ద్వీపవాసులకు పరభాషలతో పనిలేకపోవడమని మరికొందరంటారు. చివరకు విద్యార్థులే తమకు భాషలు అబ్బవని నిశ్చయించుకుంటారు. ఈ నిర్ణయం న్యాయమైనది కాదని నా అభిప్రాయం. వారి తప్పులలో కనిపించేది మందబుద్ధి కాదు, మాతృభాషా వ్యాకరణం. దానికి తోడు వెయ్యేళ్లకు పైబడిన ఒక పఠన సంప్రదాయపు ప్రభావం కూడా వాటిలో ఉంది. ఈ రెండింటినీ గుర్తించనిదే ఏ సంస్కరణా ఫలించదు.

మొదట ఈ రెండు భాషల మధ్య గల దూరాన్ని గమనిద్దాం. అమెరికా విదేశాంగ శాఖకు చెందిన శిక్షణ సంస్థ తన ఉద్యోగులకు అనేక భాషలు నేర్పుతుంది. ఆంగ్లం మాతృభాషగా గలవారు స్పానిష్ భాషలో ప్రావీణ్యం పొందడానికి సుమారు 600 నుంచి 750 తరగతి గంటలు సరిపోతాయని, జపనీస్‌కు మాత్రం దాదాపు 2,200 గంటలు కావాలని ఆ సంస్థ అంచనా. ఇటునుంచి అంత దూరమైన దారి అటునుంచి మాత్రం దగ్గర ఎలా అవుతుంది? ఆధునిక జపాను నిర్మాతలలో ఒకరైన ఫుకుజావా యుకిచి జీవితం కూడా ఈ విషయాన్నే చెబుతుంది. ఏళ్ల తరబడి డచ్చి భాష నేర్చిన ఆయన 1859లో యొకొహామా రేవుకు వెళ్లి, అక్కడి విదేశీయులతో వ్యవహారానికి తన డచ్చి పనికిరావడం లేదని గ్రహించాడు. నిరాశను దిగమింగి ఆంగ్లం మొదలుపెట్టాడు. కొంతకాలానికి, ఈ రెండు భాషలూ దగ్గరి చుట్టాలేనని, తన పాత శ్రమ వృథా కాలేదని తెలుసుకున్నాడు. డచ్చి మెట్టు లేకుండా జపనీస్ నుంచి నేరుగా ఆంగ్లంలోకి అడుగు వేయవలసిన నేటి విద్యార్థికి అటువంటి ఆసరా లేదు.

ఆ దూరం ఎక్కడున్నదో తెలుగువారమైన మనకు సులభంగానే బోధపడుతుంది. తెలుగు, జపనీస్ భాషలు వేర్వేరు కుటుంబాలకు చెందినవే అయినా వాక్యనిర్మాణంలో వాటి మధ్య ఆశ్చర్యకరమైన పోలిక ఉంది. రెండింటిలోనూ కర్త ముందు, కర్మ తరువాత, క్రియ చివర వస్తాయి. 'తారో గా హోన్ ఓ యోందా' అంటే 'తారో పుస్తకాన్ని చదివాడు' అని అర్థం. 'గా' కర్తను, 'ఓ' కర్మను సూచిస్తాయి. మన విభక్తి ప్రత్యయాల వలెనే అవి నామవాచకం వెనుకనే చేరతాయి. ఆంగ్లంలోనో క్రియ నడుమకు వస్తుంది. మనం వెనుక చేర్చే విభక్తుల పని చేసే 'ఇన్', 'టు', 'ఫ్రమ్' వంటివి నామవాచకానికి ముందు నిలుస్తాయి.

ఇక చిన్న మాటలు పెట్టే పెద్ద చిక్కులు చూద్దాం. 'ఎ', 'ఆన్', 'ది' అనే ఆర్టికల్స్‌కు సమానమైనవేవీ జపనీస్‌లో లేవు. 'హోన్' అంటే ఒక పుస్తకం కావచ్చు, పది పుస్తకాలు కావచ్చు. బహువచన ప్రత్యయం తప్పనిసరి కాని భాషలో పెరిగినవాడు ప్రతి నామవాచకం దగ్గరా ఆగి, అది ఒకటా, అనేకమా, ఎదుటివాడికి తెలిసినదా, తెలియనిదా అని విచారించుకోవలసి వస్తుంది. క్రియ విషయంలోనూ అంతే. నేను, నీవు, అతడు అనే భేదాన్ని బట్టి జపనీస్ క్రియ మారదు. కనుక అతడు అన్నప్పుడు మాత్రమే క్రియకు 'ఎస్' చేర్చాలన్న నియమం వారికి అకారణమైన చాదస్తంలా తోస్తుంది. జపనీస్‌లో వర్తమాన, భవిష్యత్తులకు ఒకటే రూపం; మన 'వస్తాడు' అన్న మాట రోజూ రావడానికీ, రేపు రావడానికీ చెల్లినట్లే. జరిగిపోయిన పనికి ఒక రూపం, దాని ఫలితం ఇప్పటికీ నిలిచి ఉంటే మరొక రూపం వాడే ఆంగ్ల పద్ధతి వారిని తికమక పెడుతుంది.

జపనీస్ వాక్యంలో దేనిని గురించి చెబుతున్నామో దానిని ముందు నిలిపి 'వా' అనే ప్రత్యయం చేరుస్తారు. భోజనశాలలో ఒకడు 'బోకు వా ఉనాగి దా' అంటాడు. మాటకు మాట పెడితే 'నేను మలుగు చేపను' అని వస్తుంది. అతని ఉద్దేశం 'నాకు మలుగు చేప వంటకం కావాలి' అని మాత్రమే. మనవాళ్లు హోటల్లో 'నాది కాఫీ, వీడిది టీ' అనడం వంటిదే ఇది. జపాను భాషావేత్తలు విస్తృతంగా చర్చించిన వాక్యమిది. 'వా' చేరిన పదాన్ని ఆంగ్ల వాక్యానికి కర్తగా చేసే విద్యార్థి ఇటువంటి హాస్యాస్పదమైన వాక్యాలెన్నో రాస్తాడు. అలాగే 'నిన్న రాలేదా?' అని అడిగితే, రానివాడు జపనీస్‌లో 'అవును, రాలేదు' అంటాడు. మనమూ అలాగే అంటాం. ఆంగ్లంలో అక్కడ 'నో' అనాలి. ఎదుటివాని మాటతో ఏకీభవిస్తూ 'నో' అనడానికి నాలుక అంత సులభంగా ఒప్పుకోదు.

జపనీస్‌లోకి వచ్చిచేరిన వేలాది ఆంగ్ల పదాలు సాయపడతాయనుకుంటే, అవీ ఒక్కొక్కసారి దారి తప్పిస్తాయి. 'మన్షోన్' అంటే వారికి బహుళ అంతస్తుల భవనంలోని ఫ్లాటు. ఆంగ్లంలో అది పెద్ద భవంతి. 'కన్నింగు' అంటే పరీక్షలో కాపీ కొట్టడం. ఆంగ్లంలో అది జిత్తులమారితనం. తెలిసిన పదమే కదా అని ముందుకు సాగిన పాఠకుడు వాక్యం మధ్యలో చిక్కుపడతాడు.

అయితే పఠనంలో అసలు అవరోధం పదాలలో లేదు; వాక్యం నడిచే దిశలో ఉంది. 'కినో తొమొదాచి గా కురెతా హోన్' అన్న పదబంధాన్ని తెలుగులోకి మార్చడానికి క్రమం మార్చనక్కరలేదు: 'నిన్న స్నేహితుడు ఇచ్చిన పుస్తకం'. రెండు భాషలలోనూ విశేషణాలన్నీ ముందు నడిచి, చివరకు నామవాచకాన్ని చేరుకుంటాయి. ఆంగ్లంలో 'ది బుక్ దట్ మై ఫ్రెండ్ గేవ్ మి యెస్టర్‌డే' అనాలి. ఇక్కడ పుస్తకం మొదటికి వచ్చింది. 'నిన్న' చివరకు పోయింది. జపాను విద్యార్థి కన్ను వాక్యం చివరి దాకా వెళ్లి, అక్కడినుంచి వెనుదిరిగి, అర్థాన్ని తన భాషా క్రమంలో పేర్చుకుంటూ రావడానికి అలవాటుపడింది. వాక్యం ముందుకు నడుస్తుంటే పాఠకుడు దానికి ఎదురు నడుస్తాడు.

ఈ అలవాటు నిన్న మొన్నటిది కాదు. ప్రాచీన కాలంలో జపాను పండితులు చైనా గ్రంథాలను అధ్యయనం చేశారు. చైనీస్‌లోనూ క్రియ కర్మకు ముందే వస్తుంది. అందుచేత వారు మూలంలోని అక్షరాలను చెరపకుండానే, వాటి పక్కన చిన్న చిన్న గుర్తులు పెట్టి, ఏ అక్షరం తరువాత ఏ అక్షరానికి తిరిగి రావాలో సూచించుకున్నారు. తమ ప్రత్యయాలను జోడించుకున్నారు. ఆ విధంగా చైనీస్ వాక్యం జపనీస్ క్రమంలో చదవడానికి వీలైంది. ఈ పద్ధతిని నేటికీ ఉన్నత పాఠశాలల్లో ప్రాచీన సాహిత్యంలో భాగంగా బోధిస్తున్నారు. తరువాత డచ్చి, ఆ పిమ్మట ఆంగ్లం వచ్చినప్పుడు కూడా ఇదే మార్గాన్ని అనుసరించారు. ప్రతి పదానికీ అర్థం రాసుకోవడం, క్రమాన్ని తిప్పుకోవడం, జపనీస్ వాక్యంగా కూర్చుకోవడం అనే ఈ ప్రక్రియకు 'యకుదోకు' అని పేరు.

ఈ పద్ధతిని తేలికగా తీసిపారేయడం కృతఘ్నత అవుతుంది. 1774లో సుగితా గెన్‌పాకు, ఆయన సహచరులు డచ్చి భాషలోని శరీరశాస్త్ర గ్రంథాన్ని జపానులో ప్రకటించగలిగారంటే అది ఇటువంటి అకుంఠిత శ్రమ ఫలమే. పందొమ్మిదో శతాబ్దంలో నిషి అమానే వంటివారు తత్త్వశాస్త్రానికి 'తెత్సుగాకు' వంటి కొత్త పదాలు సృష్టించి, పాశ్చాత్య విజ్ఞానాన్ని స్వభాషలో అందించగలిగారు. కాని పండితుడు ఒక గ్రంథాన్ని దేశానికి అందించడానికి చేసే పని వేరు. పదహారేళ్ల విద్యార్థి ఒక పుట చదివి విషయం గ్రహించడం వేరు. మొదటిదానికి అనువాదమే లక్ష్యం. రెండవదానికి అనువాదం ఊతకర్ర మాత్రమే. ఆ ఊతకర్రను ఎప్పుడు వదలాలో ఎవరూ చెప్పకపోవడం వల్లనే అసలు నష్టం కలుగుతున్నది.

ఆ నష్టం స్వల్పమైనది కాదు. వెనుదిరిగి చదివే విద్యార్థి వాక్యం చివరికి చేరేసరికి మొదలును మరచిపోతాడు. అతని శ్రద్ధ అంతా జపనీస్ వాక్యాన్ని కూర్చడం మీదనే ఉంటుంది కాని రచయిత ఏమంటున్నాడన్న దానిపై ఉండదు. 2021లో మొదలైన విశ్వవిద్యాలయ ప్రవేశ ఉమ్మడి పరీక్షలో ఆంగ్ల పఠన విభాగానికి 80 నిమిషాలు కేటాయించారు. ఆ సమయంలో వేలాది పదాల పాఠ్యాన్ని చదివి సమాధానాలు రాయాలి. ఒక్కొక్క వాక్యాన్నీ రెండుమార్లు నడిచేవాడు ఎంత తెలివైనవాడైనా గమ్యం చేరకముందే గంట మోగుతుంది. అతడు ఓడిపోయేది జ్ఞానంలో కాదు, దిశలో. ఆ తేడా తెలియక తనను తానే నిందించుకుంటాడు.

సంస్కరణ ప్రయత్నాలు జరగకపోలేదు. 1922లో జపాను వచ్చిన ఆంగ్లేయ భాషావేత్త హెరాల్డ్ పామర్ మౌఖిక బోధనకు ప్రాధాన్యమివ్వాలని చెప్పాడు. 1974లో హిరాయిజుమి వతారు అనే రాజకీయ నాయకుడు, ఇన్నేళ్ల చదువుకు తగిన ఫలితం లేదని, ఆంగ్లాన్ని అందరికీ నిర్బంధం చేయనక్కరలేదని ప్రతిపాదించాడు. వ్యాకరణంతో కూడిన నిశిత పఠనం బుద్ధికి పదును పెడుతుందని వతనాబె షోయిచి దానిని ఖండించాడు. 2013 నుంచి ఉన్నత పాఠశాలల్లో ఆంగ్ల పాఠాన్ని సాధ్యమైనంతవరకు ఆంగ్లంలోనే బోధించాలన్న విధానం అమలులోకి వచ్చింది. ఒక పక్షం మాతృభాషను తరగతి గది వెలుపల నిలబెట్టమంటుంది. ఇంకొక పక్షం దానిని విడవవద్దంటుంది. నా దృష్టిలో రెండూ అసంపూర్ణాలే. తరగతిలో జపనీస్ వినిపించనంత మాత్రాన విద్యార్థి మనసులో దాని వ్యాకరణం మాయమైపోదు.

కనుక చేయవలసిన పనులు రెండు. మొదటిది, రెండు భాషల నడకలను బహిరంగంగా పక్కపక్కన పెట్టి చూపడం. నీ భాషలో విశేషణ ఉపవాక్యం నామవాచకానికి ముందు వస్తుంది, ఆ భాషలో వెనుక వస్తుంది అని మాతృభాషలోనే స్పష్టంగా చెబితే, విద్యార్థి తన తప్పుకు సిగ్గుపడడు. దాని కారణం తెలుసుకుంటాడు. రెండవది, వాక్యాన్ని అది నడిచిన దిశలోనే చదివించడం. వాక్యాన్ని చిన్న చిన్న పదబంధాలుగా గీతలతో విడదీసి, వెనుదిరగకుండా అర్థం చేసుకునే అభ్యాసాన్ని జపాను ఉపాధ్యాయులు కొందరు ఇప్పటికే చేయిస్తున్నారు. నిఘంటువు అవసరం లేనంత సులభమైన పుస్తకాలను విరివిగా చదివించే 'తదోకు' అనే పద్ధతి కూడా అక్కడ ఉంది. కఠినమైన పుట ఒకటి వారమంతా విప్పి చూడడం వల్ల వ్యాకరణం తెలుస్తుంది. సులభమైన పుటలు వంద చదవడం వల్ల నడక వస్తుంది. మొదటిదానికి ఇప్పటికే తగినంత కాలం వెచ్చిస్తున్నారు. రెండవదానికి కాలం మిగల్చడమే నేటి అవసరం. పరీక్షలకు అంత తీరిక ఎక్కడిదని అడిగేవారున్నారు. వేగంగా చదవవలసిన పరీక్షకు చదివే వేగమే అసలైన సన్నాహం కదా!

ఈ విషయం మనకు పరాయిది కాదు. పద్యానికి ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం చెప్పుకునే సంప్రదాయం మనదీ. అది పద్యహృదయాన్ని చేరడానికి చక్కని సోపానం. కాని ఆంగ్ల పాఠాన్ని కూడా మాటకు మాట తెలుగులోకి తిప్పి, ఆ తెలుగునే బట్టీపట్టి, మూలాన్ని మరచిపోయే విద్యార్థులు మనలోనూ ఉన్నారు. వాక్యాంతంలో క్రియను వెదికే కన్ను మనదీ. కనుక జపాను విద్యార్థి కష్టం మన కష్టానికి దగ్గరిదే. అతనికి ఉపకరించే మార్గం మనకూ ఉపకరిస్తుంది.

పరభాషలో తప్పు చేసినప్పుడు మన మాతృభాషను నిందించనవసరం లేదు. మనలను మనం నిందించుకోనవసరం అంతకన్నా లేదు. ఆ తప్పు ఏ నడక నుంచి పుట్టిందో పరిశీలించి తెలుసుకుంటే చాలు. పిమ్మట ఒక సులభమైన పుస్తకం తెరచి, వాక్యం ఎటు సాగితే అటే సాగుతూ, చివరి పుట దాకా చదవాలి. రెండు నడకలు తెలిసినవాడు ఏ ఒక్కదానినీ పోగొట్టుకోడు.