అడగనిదే అమ్మయినా పెట్టదు

ప్రశ్న: ఇంటి దగ్గర వుండి అనువాదాలు చేస్తున్నాను. పని బాగున్నదంటారు గాని డబ్బు నెలల తరబడి ఇవ్వరు. మంచి క్లయింట్లు దొరికే మార్గమేమిటి?

జవాబు: లోపం మీ పనిలో లేదమ్మా. చేతిలో పని వున్నన్నాళ్లూ కొత్తవారిని వెతకరు. అది కాస్తా అయిపోగానే కంగారుపడి ఎంత ఇస్తామంటే అంతకు ఒప్పుకుంటారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వటమంటే ఇదే గదా! తీరిక లేని వారంలో కూడా ఒక పూట ఇందుకని కేటాయించండి. మీ పని మెచ్చుకున్న పాతవారికి నాలుగు ముక్కలు వ్రాసి, ఇటువంటి అవసరం వున్నవారు ఇంకెవరని అడగండి. "అన్నీ చేస్తాను" అంటే ఎవరికీ గుర్తుండదు. "మందుల కరపత్రాలు తెలుగు చేస్తాను" అంటే గుర్తుంటుంది. చేసినవాటిలో మేలైనవి మూడు, పని ఇచ్చినవారి అనుమతితో, చూపటానికి సిద్ధంగా వుంచుకోండి.

ఇక బాకీల సంగతి. రేటు, గడువు, ముందుగా ఇచ్చే సొమ్ము పని మొదలుపెట్టక మునుపే కాగితం మీద పెట్టించండి. ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, మీవంటివారు చేసిన పని పుచ్చుకున్న సంస్థ, ఒప్పందంలో ఎంత గడువు వ్రాసుకున్నా, 45 రోజులలోగా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ! ఈ సంగతి బిల్లు అడుగున ఒక్క వాక్యంలో వ్రాయండి.

అది చదివి మొహం చిట్లించేవారు పోతే పోనివ్వండి. ఆ ఖాళీలోనే మంచివారికి చోటు దొరుకుతుంది.