సీటుతోనే హక్కు ముగిసిపోదు

ఇంజినీరింగ్ విద్యలో ముస్లిం విద్యార్థుల ప్రస్తావన వస్తే మన చర్చ రెండు విషయాల వద్దే ఆగిపోతుంది: రిజర్వేషన్లు, ఫీజు రీయింబర్స్‌మెంట్. 2007 నాటి చట్టంతో లభించిన 4 శాతం కోటా 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల ఆధారంగా నిలిచి ఉంది. ఫీజు బకాయిల కోసం ఆందోళనలు జరుగుతూనే ఉన్నాయి. ఇవి తప్పనిసరి పోరాటాలే. అయితే సీటు దక్కిన తర్వాత ఆ విద్యార్థి జవాబుపత్రం ఏమవుతోందని అడిగేవారు అరుదు.

ప్రముఖ కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో 25 మందికి ఒకరు, పీజీ స్థాయిలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లిం విద్యార్థులని 2006లో సచార్ కమిటీ తేల్చింది. అడుగుపెట్టేవారే ఇంత తక్కువైనప్పుడు, వారిలో ఒక్కరు మధ్యలో జారిపోయినా అది సమాజానికి పెద్ద నష్టమే.

హైదరాబాద్ జేఎన్‌టీయూ 2022 నిబంధనల ప్రకారం ప్రతి థియరీ సబ్జెక్టులో 40 మార్కులు అంతర్గత మూల్యాంకనానికి, 60 మార్కులు సెమిస్టర్ చివరి పరీక్షకు. చివరి పరీక్ష ముగిశాక విద్యార్థికి అందేది ఫలితం మాత్రమే. గణితంలో తప్పిన విద్యార్థి పద్ధతినే తప్పుగా ఎంచుకున్నాడా, సమాకలనంలో పొరబడ్డాడా, విషయం తెలిసీ ఇంగ్లీషులో రాయలేకపోయాడా? మూడింటికీ మందు వేరు. గ్రేడు మాత్రం ఒకటే. చదువుకున్న ఇంటి పిల్లలకు ఆ తేడా చెప్పడానికి తండ్రో, అన్నో, ట్యూషన్ మాస్టరో ఉంటారు. ఉర్దూ మీడియంలో చదివి వచ్చిన మెకానిక్ కూతురికి, దర్జీ కొడుకుకి అధ్యాపకుడు తప్ప వేరే దిక్కు లేదు. అందువల్ల మూల్యాంకనంలోని మౌనం అందరినీ సమానంగా దెబ్బతీయదు.

మార్కులు వేయడం వేరు, లోపం చూపి దారి చెప్పడం వేరు. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారని, మార్కులు కూడా జతచేసినప్పుడు ఆ ప్రయోజనం దక్కలేదని రూత్ బట్లర్ 1988లోనే తన అధ్యయనంలో చూపారు. మన దేశం 2014లో వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది. కంఠస్థానికి బదులు అవగాహననూ అన్వయాన్నీ పరీక్షించాలని ఏఐసీటీఈ 2018లో పరీక్షా సంస్కరణల విధానాన్ని ప్రకటించింది. ఆ మాటలు జవాబుపత్రం దాకా చేరాలి.

చట్టం కూడా విద్యార్థి పక్షానే ఉంది. దిద్దిన జవాబుపత్రం సమాచార హక్కు చట్టం కింద ‘సమాచారమే’నని, దానిని చూసే హక్కు పరీక్ష రాసినవారికి ఉందని 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. హక్కుగా దక్కవలసిన దానికి పేద విద్యార్థి దరఖాస్తులు పట్టుకొని తిరగవలసిన అవసరం ఏమిటి?

కోరవలసినవి పెద్ద కోర్కెలు కావు. మొదటి మిడ్ పరీక్ష పత్రాలను లోపాలు గుర్తించి, రెండవ మిడ్‌కు తగినంత ముందే తిరిగి ఇవ్వాలి. దేనికి ఎన్ని మార్కులో ముందే ప్రకటించాలి. ల్యాబ్‌లో, వైవాలో విద్యార్థి పేరూ ముఖమూ పరీక్షకుడి ఎదుటే ఉంటాయి కనుక అక్కడ ఈ కొలమానం మరింత అవసరం. అది పక్షపాతానికీ, పక్షపాతమనే అనుమానానికీ కూడా అడ్డుకట్ట. సెమిస్టర్ పరీక్షలో తప్పినవారికి జవాబుపత్రం ప్రతిని ఉచితంగా ఇవ్వాలి.

ఒక్కో సెక్షన్‌లో 60 మందికి పైగా ఉంటే ఇదంతా ఎలా సాధ్యమని అధ్యాపకులు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ప్రతి పత్రంపైనా పేరాలు రాయనక్కరలేదు. ఎక్కువమంది చేసిన నాలుగైదు పొరపాట్లను ఒక కాగితంపై రాసి, ఒక పీరియడ్ చర్చిస్తే చాలావరకు పని జరుగుతుంది. మిగిలిన భారం తగ్గాలంటే ఖాళీ పోస్టులు నింపాలి. అది ప్రభుత్వం, యాజమాన్యాల బాధ్యత.

ముందుగా ఈ పని మైనారిటీ యాజమాన్యంలోని ఇంజినీరింగ్ కళాశాలలే మొదలుపెట్టాలి. మిడ్ పత్రాలు దిద్ది వివరించడానికి ఏ విశ్వవిద్యాలయం అనుమతీ అక్కరలేదు. సమాజం పేరుతో నడిచే సంస్థలు సమాజపు పిల్లలకు ఆ మాత్రం చేసి చూపితే, ఇతరులను అడిగే నైతిక బలం మనకు వస్తుంది.