ఆటను శపించకండి, ఆపడం నేర్పండి



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఒక తల్లి తన పన్నెండేళ్ల కొడుకుని రెక్క పట్టుకుని నా దగ్గరకు తీసుకొచ్చింది. "అయ్యగారూ, వీడి తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చెయ్యండి. వీడికి ఫోను దయ్యం పట్టింది" అంది. పిలిస్తే పలకడట. అన్నం ముందు పెడితే చల్లారిపోతుందట. పోయిన నెల వాళ్ల నాన్న ఫోనులోంచి మూడు వందలు పోతే, ఏమయ్యాయని గట్టిగా అడిగితే చెప్పాడట, ఆటలో తుపాకీకి కొత్త రంగు కొన్నానని. మిరపకోతల్లో ఆ తల్లి ఎండలో వంగి సంపాదించిన కూలి డబ్బులవి.

ప్రార్థన చేశాను. కానీ దయ్యాన్ని గద్దించలేదు. అక్కడ నాకు దయ్యం కనపడలేదు, తల వంచుకున్న పిల్లాడు కనపడ్డాడు. తల్లి కాస్త పక్కకు వెళ్లాక అడిగాను, "ఆపెయ్యాలని నీకు అనిపించదా నాన్నా?" అని. వాడు నెమ్మదిగా అన్నాడు, "అనిపిస్తుంది అయ్యగారూ. కానీ అది అయిపోదుగా."

ఆ మాట నన్ను వారమంతా నిద్రపోనివ్వలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్జీని నిషేధించినప్పుడు, అపవాది ఆయుధం విరిగిపోయిందని నేను ప్రసంగించాను. మీలో చాలామంది "ఆమేన్" అన్నారు. వారం తిరగకముందే మన పిల్లలు ఇంకో ఆటలో చేరిపోయారు. మరుసటి ఏడాది పబ్జీయే ఇంకో పేరుతో తిరిగి వచ్చింది. దక్షిణ కొరియా వాళ్లు 2011లో ఏకంగా చట్టమే చేశారు, పదహారేళ్లలోపు పిల్లలు అర్ధరాత్రి నుండి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదని. పదేళ్లు చూసి చివరికి వాళ్లే దాన్ని ఎత్తేశారు. పైనుండి తలుపు మూస్తే పిల్లలు కిటికీ వెతుక్కుంటారు. నా ప్రసంగం వల్ల ఒక్క పిల్లాడూ ఫోను దించలేదు. నా ముందు దాచడం మాత్రం నేర్చుకున్నారు.

తోటి సేవకులకు ఒక మాట. వీడియో గేమ్ ఆడితే పిల్లలు హంతకులైపోతారని బల్ల గుద్ది చెబుతుంటాం. అంత రుజువు లేదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2020లో ఈ సంగతి మళ్లీ పరిశీలించి, అరవడం, నెట్టడం లాంటి చిన్న దురుసుతనంతో కొంత సంబంధం ఉందని, దారుణమైన హింసకు ఆటలే కారణమనడానికి మాత్రం తగిన ఆధారం లేదని చెప్పింది. కొన్ని రకాల ఆటలు ఆడేవాళ్ల చూపు చురుగ్గా ఉంటుందని 2003లోనే పరిశోధకులు రాశారు. నిజం ఉన్నంతే చెప్పాలి. పిల్లాడి దగ్గర ఒక్కసారి అతిశయోక్తి చెప్పి దొరికిపోతే, ఆ తర్వాత మనం చెప్పే సత్యం కూడా వాడు నమ్మడు.

అలాగని "పోనీలే, ఇంట్లోనే ఉంటాడు, బయట తిరిగి చెడిపోడు" అనే తల్లిదండ్రులతో కూడా నేను ఏకీభవించను. సోమవారం సాయంత్రం ఆ పిల్లాడి ఇంటికి వెళ్లి, వాడి పక్కన కూర్చుని గంటసేపు ఆ ఆట చూశాను. రోజూ వస్తే ఒక బహుమానం. ఒక్కరోజు రాకపోతే ఆ వరస తెగిపోతుంది. ఒక మూల గడియారం వెనక్కి లెక్కపెడుతూ ఉంటుంది, ఇంత సేపట్లో కొనకపోతే ఈ చొక్కా మళ్లీ దొరకదని. ఒక పెట్టె ఉంది. డబ్బు కట్టి తెరవాలి, లోపల ఏముందో తెరిచేదాకా తెలియదు. అది లాటరీ కాకపోతే మరేమిటి? ఇలాంటి డబ్బు పెట్టెలు జూదమేనని బెల్జియం దేశం 2018లోనే తేల్చింది. మన పార్లమెంటు 2025 ఆగస్టులో పందెం కట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, మంచిదే. కానీ డబ్బు తిరిగి రాని ఈ రంగులు, ఈ చొక్కాలు ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

అప్పుడు వాడి మాట అర్థమైంది. మన చిన్నప్పటి ఆటలు అయిపోయేవి. గోలీలన్నీ ఓడిపోతే అయిపోయేది. బంతి ముళ్లకంపలో పడితే అయిపోయేది. బిళ్ల కనపడనంత చీకటి పడితే, అమ్మ వీధిలోకొచ్చి కేకేస్తే అయిపోయేది. మనం బుద్ధిమంతులమై ఆపలేదు, పొద్దు గూకి ఆపించింది. ఈ ఆటకు పొద్దు గూకదు. గూకకూడదనే దాన్ని తయారు చేశారు. ఎందరో చదువుకున్న పెద్దవాళ్లు కూర్చుని, జీతాలు తీసుకుని, ఎక్కడా ముగింపు లేకుండా కట్టిన దాని ముందు పన్నెండేళ్ల వాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి, "నీకు బుద్ధి లేదా" అని అడుగుతున్నాం. బుద్ధి ఉండాల్సింది ఎవరికి?

కాబట్టి ఆట మంచిదా చెడ్డదా అని నన్ను అడగకండి. ఆ ఆటకు ముగింపు ఉందా, లేకపోతే ఆ ముగింపు ఎవరు పెడుతున్నారు అని అడగండి. సృష్టి చేసిన దేవుడే ఆరు దినాలు పని చేసి ఏడవ దినాన ఆగాడు. మంచి పనికే ఆగడం ఉన్నప్పుడు ఆటకు ఉండదా? ఆగడం పిల్లలకు పుట్టుకతో రాదు. ఎవరో ఒకరు నేర్పాలి.

ఎలా నేర్పాలో నాకు తోచినంత చెబుతాను. ఆట మధ్యలో ఫోను లాక్కోకండి. అవతల ముగ్గురు స్నేహితులు వాడి మీద ఆధారపడి ఆడుతుంటారు, మధ్యలో వదిలేస్తే వాడికి అది ద్రోహంలా ఉంటుంది. మొదలుపెట్టక ముందే "రెండు మ్యాచ్‌లు, అంతే" అని మాట తీసుకోండి. ఆ మాట నిలబెట్టుకున్న రోజు మెచ్చుకోండి. డబ్బు పంపే పిన్ నంబరు పిల్లల చేతికి ఇవ్వకండి. రాత్రి పడుకునేటప్పుడు ఇంట్లో ఫోన్లన్నీ ఒకచోట పెట్టండి, మీవి కూడా. "మీరు చూస్తారుగా అయ్యగారూ" అని ఆ పిల్లాడు నన్నే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంకొక్క మాట. నిజంగానే అదుపు తప్పిన పిల్లలు ఉంటారు. చదువు, తిండి, నిద్ర అన్నీ పాడవుతున్నా ఆటే ముఖ్యమై నెలల తరబడి మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో చేర్చింది, 2022 నుండి అది అమల్లో ఉంది. అలాంటి బిడ్డ కోసం ప్రార్థన చేద్దాం, డాక్టరు దగ్గరకు కూడా తీసుకువెళదాం. కొట్టడం వైద్యం కాదు.

చివరిగా మన సంఘానికి. మందిరం ఆవరణలో పిల్లల్ని ఆడుకోనిద్దామని నేను అన్నప్పుడు, బంతి గోడకు తగిలి సున్నం పాడవుతుందని, అద్దాలు పగులుతాయని కొందరు పెద్దలు అడ్డు చెప్పారు. ఊళ్లో ఖాళీ స్థలాలన్నీ ఇళ్లయిపోయాయి, బడి గేటుకు సాయంత్రం తాళం పడుతుంది. మనం కూడా గేటు వేసేసి, వీధిలో ఆడితే తరిమేసి, తీరా వాడు ఫోను పట్టుకుంటే దయ్యం పట్టిందంటున్నాం. సంక్రాంతికి అదే పిల్లాణ్ణి భుజాన ఎక్కించుకుని కోడిపందాలకు తీసుకువెళ్లేది కూడా మనమే.

జెకర్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయం తీసి చూడండి. పాడుపడిన యెరూషలేము మళ్లీ బాగుపడుతుందనడానికి ప్రవక్త చూపిన గురుతుల్లో ఒకటి, వీధుల నిండా ఆడుకునే మగపిల్లలు, ఆడపిల్లలు. గోడ సున్నం సంగతి అక్కడ లేదు.

వచ్చే సోమవారం నుండి సాయంత్రం ఐదింటికి మందిరం గేటు తీసే ఉంటుంది. వాలీబాల్ నెట్టు నేను తెస్తాను. అద్దం పగిలితే నా జీతంలోంచి వేయిస్తాను. చీకటి పడగానే గేటు దగ్గర నిలబడి "ఇక చాలు, ఇళ్లకు పదండి" అని కేకేసేది కూడా నేనే. అభ్యంతరం ఉన్నవాళ్లు ఐదింటికి రండి, పిల్లల మధ్య నిలబడి మాట్లాడుకుందాం.

ఆ పిల్లాడు వస్తానన్నాడు. మీ పిల్లల్ని కూడా పంపండి.

మీ సేవకుడు